తిరుపతిలో ఉంటూనే, తక్కువ ఖర్చుతో ట్రేడ్‌మార్క్ లాయరు కావడం ఎలా?

తిరుపతి గాంధీ రోడ్డులో ఈ చివర నుంచి ఆ చివరిదాకా నడుస్తూ షాపుల బోర్డులు చదవండి. శ్రీ వెంకటేశ్వర, బాలాజీ, పద్మావతి, శ్రీనివాస. మిఠాయి కొట్టుకీ అదే పేరు, ఇనుప సామాన్ల షాపుకీ అదే పేరు, లాడ్జికీ అదే పేరు. ఇందులో ఏ పేరు ఎవరిది? పక్క వీధిలో అదే పేరుతో ఇంకో మిఠాయి కొట్టు తెరిస్తే మొదటివాళ్లు ఆపగలరా? దీనికి జవాబు తెలిసి, ఆ జవాబుని కాగితం మీద పెట్టి, పేర్లు నమోదు చేసే ప్రభుత్వ రిజిస్ట్రీలోనో కోర్టులోనో నిలబెట్టగలిగితే మీరు మేధో సంపత్తి లాయరు. మేధో సంపత్తినే అందరూ ఐపీ అంటారు. వ్యాపారపు పేరు మీద హక్కు, అంటే ట్రేడ్‌మార్క్, అందులో ఒక భాగం.

మా ఆఫీసుకి వచ్చే లా స్టూడెంట్లు దాదాపు ఒకే మాట అడుగుతారు. "మేడమ్, ఐపీ చేయాలంటే ఢిల్లీ వెళ్లాలా? ఎల్‌ఎల్‌ఎం ఉండాలా? ఎన్ని లక్షలవుతుంది?" నేను ఈ పని తిరుపతిలో ఉండే నేర్చుకున్నాను. మీరు భయపడుతున్నంత డబ్బు అక్కర్లేదు. ఓపిక మాత్రం మీరు అనుకున్నదానికంటే ఎక్కువ కావాలి. ఎక్కడ పైసా పెట్టకూడదో, ఎక్కడ తప్పకుండా పెట్టాలో, ఏది ముందు చేయాలో వరసగా చెబుతాను.

మొదట మీ చేతిలో ఉన్న డిగ్రీ చూసుకోండి

ఈ రంగంలోకి రావడానికి వాకిలి ఒక్కటే కాదు. మీది బీఏ కానీ, బీకామ్ కానీ, ఏ డిగ్రీ అయినా సరే, 21 ఏళ్లు నిండి ఉంటే ట్రేడ్‌మార్క్ ఏజెంట్ పరీక్ష రాయొచ్చు. పాసైతే లా చదవకుండానే క్లయింట్ తరఫున దరఖాస్తు వేయొచ్చు, రిజిస్ట్రీ హియరింగ్‌లో వాదించొచ్చు. కోర్టుకి మాత్రం వెళ్లలేరు. సైన్స్, ఇంజినీరింగ్, టెక్నాలజీ డిగ్రీ ఉన్నవాళ్లకి పేటెంట్ ఏజెంట్ పరీక్ష ఉంది. దానికీ లా డిగ్రీ అవసరం లేదు. ఎల్‌ఎల్‌బీ చేసి సన్నదు (బార్ కౌన్సిల్లో లాయరుగా నమోదు) తీసుకున్నవాళ్లు ఏ పరీక్షా లేకుండా ట్రేడ్‌మార్క్ పని చేయొచ్చు. కాపీరైట్, జీఐ (ఒక ఊరికో ప్రాంతానికో పేరుపడ్డ సరుకుకి ఇచ్చే భౌగోళిక గుర్తింపు) పనులూ, కోర్టు కేసులూ కూడా వాళ్లు చేయొచ్చు.

బీఎస్సీ, బీటెక్ చేసి ఖాళీగా ఉన్నవాళ్లకి నా సలహా ఒకటే: మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరండి, చదువుతూనే పేటెంట్ ఏజెంట్ పరీక్షకి తయారవండి. రెండూ చేతిలో ఉన్నవాళ్లు మన వైపు చాలా తక్కువ. అయితే ఆ పరీక్ష ఏటా జరగదు. 2018లో జరిగాక మళ్లీ 2023లోనే పెట్టారు. అందుకని దాని ఒక్కదాని మీదే ఆశ పెట్టుకుని కూర్చోకండి. ట్రేడ్‌మార్క్‌తో మొదలుపెట్టండి. మన ఊళ్లలో ముందుగా తలుపు తట్టే పని అదే.

మొదటి ఆరు నెలలు ఏ కోర్సూ కొనకండి

ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో నేను ఒక ఆన్‌లైన్ డిప్లొమాకి 38,000 కట్టాను. మా అమ్మ చీటీ పాడి తెచ్చిన డబ్బు అది. వచ్చినవి చట్టంలోని సెక్షన్లనే తిరగరాసిన స్లైడ్లు, చివర్లో కొరియర్‌లో ఒక సర్టిఫికెట్. ఒక దరఖాస్తు ఎలా నింపాలో, అభ్యంతరం వస్తే ఏం రాయాలో అందులో ఎక్కడా లేదు. ఇన్నేళ్లలో ఆ సర్టిఫికెట్ చూపించమని ఒక్క క్లయింటూ అడగలేదు.

నేర్చుకోవడానికి కావలసింది దాదాపు అంతా ఉచితంగానే దొరుకుతుంది. చట్టాలన్నీ ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో ఉన్నాయి: 1999 ట్రేడ్‌మార్క్స్ చట్టం, 1970 పేటెంట్ల చట్టం, 1957 కాపీరైట్ చట్టం, 2000 డిజైన్స్ చట్టం, 1999 జీఐ చట్టం. ట్రేడ్‌మార్క్స్ చట్టంతో మొదలుపెట్టండి. అందులోనూ మొదటి నెల 2, 9, 11, 27, 29, 30, 34 సెక్షన్లు మాత్రమే చదవండి. సెక్షన్ 9 అంటే పేరులోనే ఉన్న లోపం. సెక్షన్ 11 అంటే అలాంటి పేరు ఇప్పటికే ఇంకొకరికి ఉండటం. ఈ రెండూ ఒంటబడితే రోజువారీ పనిలో సగం వచ్చినట్టే. వీటితో పాటు 2017 ట్రేడ్‌మార్క్స్ రూల్స్ పక్కన పెట్టుకోండి, చాలా గడువులు అక్కడే ఉంటాయి.

క్లాసు లాగా వినాలనుకుంటే ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల వెబ్‌సైట్‌లో పేటెంట్ చట్టం మీద, ఐపీ మీద ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలున్నాయి. వినడానికి పైసా కట్టక్కర్లేదు, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు. ప్రపంచ మేధో సంపత్తి సంస్థ, అంటే వైపో, నడిపే డీఎల్-101 కోర్సు కూడా ఉచితమే. ఒకటి తర్వాత ఒకటి చేయండి. మూడు కోర్సుల్లో ఒకేసారి చేరితే మూడూ సగంలో ఆగిపోతాయి, చాలామంది విషయంలో నేను చూసింది ఇదే.

అసలు పాఠాలు రిజిస్ట్రీ ఫైళ్లలో ఉన్నాయి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఈ ఒక్క విషయం నాకు మొదట్లోనే ఎవరైనా చెప్పి ఉంటే ఆ 38,000 మిగిలేవి.

ట్రేడ్‌మార్క్ దరఖాస్తుల ఫైళ్లు రహస్యం కావు. ఐపీ ఇండియా వెబ్‌సైట్‌లో అప్లికేషన్ స్టేటస్ పేజీకి వెళ్లి ఒక నంబరు కొడితే ఆ దరఖాస్తు చరిత్ర తెరుచుకుంటుంది. ఎప్పుడు వేశారు, ఏ తరగతిలో (సరుకు రకాన్ని బట్టి ఉండే నంబరు) వేశారు, ఎగ్జామినర్ ఏం అభ్యంతరం చెప్పారు, దానికి లాయరు ఏం జవాబు రాశారు, ఏ కాగితాలు జతచేశారు, అన్నీ కనిపిస్తాయి. చెన్నై, ముంబై, ఢిల్లీల్లో పెద్ద పెద్ద ఆఫీసులు రాసిన జవాబులు కూడా అక్కడే ఉంటాయి. వాళ్ల దగ్గర జూనియర్‌గా చేరితే చూపించేది ఆ కాగితాలనే. మీరు ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు.

చదవడానికి ఒక పద్ధతి ఉంది. 'అమ్మమ్మ రుచి' అని ఊహకి ఒక పేరు అనుకుందాం, సరుకు పచ్చళ్లు, తరగతి 29. ముందు ఎగ్జామినేషన్ రిపోర్టు ఒక్కటే తెరవండి. సాధారణంగా ఏ సెక్షన్ కింద అభ్యంతరమో ముందు ఉంటుంది, కింద పోలికగా దొరికిన పాత పేర్ల జాబితా ఉంటుంది: నంబరు, యజమాని, తరగతి, సరుకు, ఎప్పటినుంచి వాడుతున్నారో. లాయరు జవాబు మాత్రం తెరవకండి. నోట్‌బుక్ తీసి మీ జవాబు మీరే రాయండి. ఆ పేర్లకీ మన పేరుకీ తేడా ఎక్కడ? రెండూ ఒకే అంగట్లో, ఒకే అరలో పక్కపక్కన ఉంటాయా? కొనేవాళ్లు పొరపడతారా? మనవాళ్లు ముందునుంచీ వాడుతున్నారా? రాయడం అయ్యాకే అసలు జవాబు తెరిచి పక్కపక్కన పెట్టండి.

మొదటి పది ఫైళ్లలో మీకు ఒకటే తేడా పదేపదే కనిపిస్తుంది. మీరు వాదన రాసి ఉంటారు, వాళ్లు వాదనతో పాటు రుజువులు పెట్టి ఉంటారు. పాత బిల్లులు, పేపర్లో వచ్చిన ప్రకటన, లేబుల్ ఫొటో, ఏటేటా అమ్మకాల లెక్క, వీటన్నిటికీ ఒక అఫిడవిట్. అది గమనించిన రోజు మీరు సగం లాయరు అయినట్టు. ఇలా 50 ఫైళ్లు చేయండి. రోజుకి ఒకటి చొప్పున అయితే రెండు నెలలు కూడా పట్టదు.

దీనితో పాటు సోమవారం అలవాటు ఒకటి పెట్టుకోండి. దరఖాస్తుల్లోని పేర్లని రిజిస్ట్రీ ప్రచురించే ట్రేడ్‌మార్క్స్ జర్నల్ ప్రతి సోమవారం వస్తుంది. అంతా చదవడం ఎవరివల్లా కాదు. 29, 30 తరగతులు తెరిచి తిరుపతి, చిత్తూరు చిరునామాలు వెతకండి. పచ్చళ్లు, మామిడి గుజ్జు 29లో ఉంటాయి. మిఠాయిలు, మసాలా పొడులు 30లో. మన జిల్లాల్లో ఎవరు ఏ పేరుకి దరఖాస్తు వేస్తున్నారో, వాళ్ల తరఫున ఎవరు వేస్తున్నారో మీకు ఊళ్లో ఎవరికంటే ముందు తెలుస్తుంది. జర్నల్‌లో వచ్చిన పేరు మీద అభ్యంతరం చెప్పడానికి 4 నెలల గడువు ఉంటుంది. మీకు తెలిసిన వ్యాపారి పేరుని ఎవరో కాపీ కొట్టినట్టు కనిపిస్తే ఆ గడువు దాటకముందే ఆయనకి చెప్పగలుగుతారు.

మన ఊరి సరుకు మీద సాధన చేయండి

పుస్తకాల్లోని ఉదాహరణలు ఎక్కడో విదేశీ కంపెనీలవి. అవి గుర్తుండవు. మన దగ్గర ఉన్నవి తీసుకోండి.

తిరుపతి లడ్డుకి 2009లో జీఐ వచ్చింది, దరఖాస్తు వేసింది తిరుమల తిరుపతి దేవస్థానం. ఇప్పుడు వేరే ఊళ్లో ఒక మిఠాయి షాపు 'తిరుపతి లడ్డు' అని అట్టపెట్టె మీద అచ్చేసి అమ్ముతోంది అనుకోండి. ఆ షాపుకి పంపాల్సిన నోటీసు మీరు రాయండి. జీఐ చట్టంలో ఏ సెక్షన్ వస్తుంది? 'తిరుపతి లడ్డు రుచిలో' అని రాసుకుంటే అప్పుడేమవుతుంది? రెండు పేజీల నోటీసు రాయడానికి మీకు వారం పడుతుంది. పట్టనివ్వండి.

శ్రీకాళహస్తి కలంకారీకీ జీఐ ఉంది. ఒక ఆదివారం శ్రీకాళహస్తి వెళ్లి బట్ట తయారయ్యే చోట కూర్చోండి. కరక్కాయ కలిపిన పాలలో బట్టని ముంచి ఆరబెట్టడం, ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి నల్లరంగు తీయడం, కలంతో చేత్తో గీయడం మీ కళ్లతో చూడండి. తర్వాత జీఐ జర్నల్‌లో ఆ దరఖాస్తు చదివితే ఈ పనులన్నీ చట్టం భాషలోకి ఎలా వెళ్లాయో అర్థమవుతుంది. మచిలీపట్నం కలంకారీకి వేరే జీఐ ఎందుకు వచ్చిందో కూడా అక్కడే తేలుతుంది, అక్కడిది అచ్చుల పని. ఇంకో మాట. జీఐ ఉన్న సరుకు చేసే కళాకారులు అధీకృత వాడకందారుగా విడిగా నమోదు చేసుకోవాలి. 2020 సవరణ తర్వాత దానికి ప్రభుత్వ ఫీజు 10 రూపాయలు. ఆ కాగితాలు నింపిపెట్టడం కొత్త లాయరు చేయగలిగిన మంచి పని. డబ్బు పెద్దగా రాదు, పని మాత్రం వస్తుంది.

నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న పుత్తూరు కట్టు. ఎముక విరిగితే కట్టు కట్టే ఆ పేరుతో ఎన్నో ఊళ్లలో బోర్డులు కనిపిస్తాయి. వాళ్లలో పుత్తూరు మనుషులు ఎంతమందో ఎవరు చెప్పగలరు? దీనికి జీఐ తీసుకోవచ్చా అని అడిగితే, కుదరదు. జీఐ చట్టం వస్తువులకే, సేవలకి కాదు. మరి ట్రేడ్‌మార్క్? ఊరి పేరుని ఒక్కరికే రాసివ్వరు. కానీ కట్టు కట్టేవాళ్లంతా ఒక సంఘంగా ఏర్పడితే ట్రేడ్‌మార్క్స్ చట్టంలోనే కలెక్టివ్ మార్కు (సంఘం సభ్యులు వాడుకునే గుర్తు), సర్టిఫికేషన్ మార్కు (నియమాలు పాటించినవాళ్లకి ఇచ్చే ధ్రువీకరణ గుర్తు) అని రెండు దారులున్నాయి. వాటికి ఏ నియమావళి రాయాలి, ఎవరిని చేర్చాలి, ఎవరిని కాదనాలి? ఈ ఒక్క ప్రశ్న మీద నెల రోజులు కూర్చుంటే చట్టంలో సగం తిరిగి వచ్చినట్టే.

ఇక దేవుడి పేర్లు. మన క్లయింట్లలో చాలామంది 'బాలాజీ' కావాలంటారు. వాళ్లకి చెప్పడానికి ఒక తీర్పు తెలిసి ఉండాలి. అగరుబత్తీల మీద 'రామాయణ్' అనే పేరు గురించి 2015లో సుప్రీంకోర్టు, పవిత్ర గ్రంథం పేరుని ఒక్కరి సొత్తుగా చేయలేమని చెప్పింది. లాల్‌బాబు ప్రియదర్శి కేసు అది. పూర్తిగా చదవండి, పెద్దదేమీ కాదు. దేవుడి పేరు వద్దని క్లయింట్‌తో అనకండి, మనసు నొచ్చుకుంటారు. ఆ పేరుకి ముందో వెనకో వాళ్లదే అయిన ఒక మాట చేర్చమని, లేబుల్ ప్రత్యేకంగా గీయించమని చెప్పండి.

లా సీటు, సన్నదు, ఏఐబీఈ

దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. లా సీటుకి రాసే ప్రవేశ పరీక్ష లాసెట్‌లో 120 ప్రశ్నలు, 90 నిమిషాలు. అందులో 60 ప్రశ్నలు లా చదవడానికి కావలసిన అవగాహన మీద. తిరుపతిలోనే శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో, శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర విభాగాలున్నాయి. సీటు ఇంటికి దగ్గర్లో వస్తే హాస్టల్ ఖర్చు మిగులుతుంది, ఐపీకి పేరున్న కాలేజీ అని అప్పు చేసి దూరం వెళ్లొద్దు. ఇంట్లో కూర్చుని దూరవిద్యలో ఎల్‌ఎల్‌బీ ఇస్తామని ఎవరైనా అంటే నమ్మకండి, దానితో సన్నదు రాదు.

సన్నదు ఫీజు గురించి మాత్రం తప్పకుండా తెలుసుకోండి. 2024 జులై 30న సుప్రీంకోర్టు గౌరవ్ కుమార్ కేసులో, అడ్వకేట్స్ చట్టంలో రాసినదానికంటే బార్ కౌన్సిళ్లు ఎక్కువ తీసుకోకూడదని తీర్పు ఇచ్చింది. జనరల్ వాళ్లకి మొత్తం 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకి 125. అంతకుముందు వేలకి వేలు కట్టిన బ్యాచ్ మాది. ఆ తీర్పు వచ్చిన రోజు ఆటో నడిపి కొడుకుని చదివించిన ఒక తండ్రి నాకు ఫోన్ చేసి "నిజమేనా అమ్మా" అని రెండుసార్లు అడిగారు.

తర్వాత ఏఐబీఈ, అంటే లాయర్లు రాయాల్సిన ఆలిండియా బార్ పరీక్ష. 100 ప్రశ్నలు, తెలుగులో కూడా రాయొచ్చు, వ్యాఖ్యలు లేని చట్టం పుస్తకాలు లోపలికి తీసుకెళ్లొచ్చు. చదివినవాళ్లకి టెన్షన్ అక్కర్లేదు. ఫీజు మాత్రం జనరల్, ఓబీసీలకి 3,500 ఉంటూ వచ్చింది, ముందే పక్కన పెట్టుకోండి.

ఎవరి దగ్గర చేరాలి

తిరుపతి, చిత్తూరు కోర్టుల్లో ఐపీ ఒక్కటే చేసే సీనియర్ దొరకడం కష్టం. పర్వాలేదు, మంచి సివిల్ సీనియర్ దగ్గర చేరండి. ట్రేడ్‌మార్క్ దావా అంటే చివరికి ఇంజంక్షన్ దావానే, అంటే ఎదుటివాళ్లని ఆపమని కోర్టుని అడగడమే. ప్లెయింటు (దావా పత్రం) రాయడం, సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 39 కింద మధ్యంతర ఉత్తర్వు అడగడం, సాక్షిని విచారించడం అక్కడే వస్తాయి. చేరేటప్పుడే వినయంగా చెప్పండి: "సార్, ట్రేడ్‌మార్క్ ఫైళ్లు వస్తే నేను చూసుకుంటాను." చాలామంది సంతోషంగా అప్పజెబుతారు. ఆడిటర్ల ఆఫీసులకీ వెళ్లి పరిచయం చేసుకోండి. వ్యాపారి పేరు రిజిస్టర్ చేయించాలంటే ముందు అడిగేది తన ఆడిటర్‌నే.

జూనియర్లకి పట్టణాల్లో నెలకి 20,000, గ్రామాల్లో 15,000 ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో చెప్పింది. అది సిఫార్సు మాత్రమే, అంత వస్తుందనుకుని లెక్కలు వేసుకోకండి. మొదటి ఏడాది ఇంటి ఖర్చుకి ఇంకో దారి చూసుకోవాలి. సన్నదు తీసుకున్నాక జీతం వచ్చే ఫుల్‌టైమ్ ఉద్యోగం చేయకూడదు, ఈ నియమం తెలియక ఇబ్బంది పడినవాళ్లున్నారు. అందుకే డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లు ముందు ఏడాదో రెండేళ్లో ఉద్యోగం చేసి, కొంత వెనకేసుకుని, తర్వాత సన్నదు తీసుకోవడం తప్పేం కాదు.

చెన్నై మనకి పెద్ద వరం. పేటెంట్ ఆఫీసు, ట్రేడ్‌మార్క్స్ రిజిస్ట్రీ, దేశం మొత్తానికి ఉన్న ఒకే ఒక్క జీఐ రిజిస్ట్రీ, మూడూ గిండీలో ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ దరఖాస్తులన్నీ అక్కడికే వెళతాయి. మద్రాసు హైకోర్టులో ఐపీ కేసులకి ప్రత్యేక విభాగం కూడా ఉంది. చదువుకునేటప్పుడు ఒక వేసవి సెలవుల్లో నాలుగు వారాలు చెన్నైలో ఇంటర్న్‌షిప్ చేయండి. బంధువుల ఇల్లు ఉంటే సరే, లేకపోతే షేరింగ్ గది. అంతకుమించి అక్కడ ఉండాల్సిన పని లేదు. ట్రేడ్‌మార్క్ హియరింగ్‌లు ఇప్పుడు ఎక్కువగా వీడియోలోనే జరుగుతాయి, తిరుపతిలో మీ గది నుంచే వాదించొచ్చు. సరైన ఇంటర్నెట్, గోడ వైపు వేసిన కుర్చీ, నల్లకోటు ఉంటే చాలు.

మొదటి ఫైలు వచ్చినప్పుడు

పేరు వెతకకుండా దరఖాస్తు వేయకండి. ఐపీ ఇండియా సెర్చ్‌లో అక్షరాలతోనూ, ఉచ్చారణతోనూ రెండు రకాలుగా వెతికి, దొరికినవి ప్రింటు తీసి క్లయింట్ ముందు పెట్టండి. ప్రభుత్వ ఫీజు ఒక తరగతికి ఆన్‌లైన్‌లో వ్యక్తులకి, స్టార్టప్‌లకి, చిన్న సంస్థలకి 4,500, మిగతావాళ్లకి 9,000. భాగస్వామ్య సంస్థ అయితే ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న సంస్థగా ప్రభుత్వ నమోదు) ఉందేమో అడగండి. లేకపోతే తీయించండి, ఆ నమోదు ఉచితం. దానితో 9,000 కాస్తా 4,500 అవుతుంది. మీ ఫీజు ఎంతో ప్రభుత్వ ఫీజు ఎంతో విడివిడిగా కాగితం మీద రాసివ్వండి. మీ ఖర్చు డిజిటల్ సంతకం ఒక్కటే. ల్యాప్‌టాప్ సెకండ్‌హ్యాండ్‌ది చాలు. క్లయింట్ దగ్గర టీఎమ్-48 అనే అధికార పత్రం మీద సంతకం మర్చిపోకండి.

నా రెండో క్లయింటు చంద్రగిరి వైపు పచ్చళ్లు పెట్టి అమ్మే ఒకామె. దరఖాస్తు వేశాను. ఎగ్జామినేషన్ రిపోర్టు నేను ఎప్పుడో కానీ తెరవని మెయిల్‌కి వచ్చి పడింది. జవాబుకి గడువు ఒక్క నెల. నేను స్టేటస్ చూసేసరికి గడువు దాటి, దరఖాస్తు వదిలేసినట్టు నమోదైపోయింది. ఆమెని పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను. "ఏం లాయరమ్మా, మా పేరు ఇంగ మాది కాదా?" అని అడిగింది. వాడకం వల్ల వచ్చిన హక్కు పోదని, రిజిస్ట్రేషన్ మాత్రం మళ్లీ మొదటినుంచి రావాలని చెప్పి, నా డబ్బుతో కొత్త దరఖాస్తు వేశాను. ఆమె దగ్గర నూనె మరకలు పట్టిన పాత బిల్లు పుస్తకం ఉంది, 2014 నాటిది. ఆ పేజీలే అఫిడవిట్‌కి జతచేసి, ఎప్పటినుంచి వాడుతున్నారో చూపించాం. ఆ పుస్తకమే మమ్మల్ని కాపాడింది.

ఆ రోజు నుంచి నా బల్ల మీద ఒక పొడుగు రిజిస్టరు ఉంటుంది. దరఖాస్తు నంబరు, వేసిన తేదీ, తర్వాతి గడువు. రిపోర్టుకి జవాబు నెల. ఎవరైనా అభ్యంతరం వేస్తే మన ప్రతివాదానికి 2 నెలలు, దాటితే దరఖాస్తు పోయినట్టే. రిజిస్ట్రేషన్ 10 ఏళ్లకోసారి పునరుద్ధరణ. ప్రతి శుక్రవారం సాయంత్రం నడుస్తున్న ఫైళ్లన్నిటి స్టేటస్ చూసి పక్కన టిక్కు పెడతాను. సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు, మీరూ ఇదే చేయండి.

కరపత్రాలు పంచడం, 'ట్రేడ్‌మార్క్ 999కే' అని ప్రకటనలు ఇవ్వడం లాయరుకి నిషేధం. మాట మీదే పని రావాలి. చిన్న వ్యాపారుల సంఘం మీటింగులో, కాలేజీలో ఒక గంట తెలుగులో మాట్లాడే అవకాశం వస్తే వదలకండి.

ఇంగ్లీషు గురించి తెలుగు మీడియం పిల్లలు నా దగ్గర బాధపడతారు. ఈ పనిలో కాగితమంతా ఇంగ్లీషే, దాన్ని తప్పించుకోలేం. కానీ ఇది సాహిత్యం ఇంగ్లీషు కాదు. వందా నూటయాభై వాక్యాలు మళ్లీ మళ్లీ వస్తాయి. పైన చెప్పిన 50 ఫైళ్లలోని మంచి వాక్యాలు రోజుకి రెండు చేత్తో రాసుకోండి. క్లయింట్‌తో తెలుగులో మాట్లాడి అసలు విషయం రాబట్టగలగడం మాత్రం మీకే వచ్చు, అది కొనుక్కుంటే రాదు.

పేటెంట్ల వైపు వెళ్లాలనుకుంటే

మన దగ్గర ఐఐటీ తిరుపతి, ఐసర్, వెటర్నరీ విశ్వవిద్యాలయం, వ్యవసాయ కళాశాల, ఇంజినీరింగ్ కాలేజీలు ఉన్నాయి. చాలామంది అధ్యాపకులు ముందు పేపర్ ప్రచురించి తర్వాత పేటెంట్ గురించి అడుగుతారు. అప్పటికే కొత్తదనం పోయి ఉంటుంది. ఈ ఒక్క విషయం వాళ్లకి ముందే చెప్పగలిగినా మీరు ఉపయోగపడినట్టే. మూలికా వైద్యం తెలిసినవాళ్లు వస్తే పేటెంట్ల చట్టంలో సెక్షన్ 3(పి) చూడండి. తరతరాలుగా తెలిసిన జ్ఞానానికి పేటెంట్ రాదు. ఆశ పెట్టి ఫీజు తీసుకోకండి.

పేటెంట్ ఏజెంట్ పరీక్షలో చాలామంది తడబడేది డ్రాఫ్టింగ్ పేపర్‌లో, అంటే పేటెంట్ దరఖాస్తు రాసి చూపించే పేపర్‌లో. దానికి సాధన ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. ఆవకాయకి మామిడికాయలు కొట్టే కత్తిపీట తీసి బల్ల మీద పెట్టుకోండి. పేటెంట్ దరఖాస్తులో మీది ఏదో చెప్పే భాగం క్లెయిమ్. క్లెయిమ్ అంటే ఒకే వాక్యం. ఆ వాక్యంలో ఏముంటే అదే మీ హద్దు. ఇలా రాశారనుకుందాం: "ఒక చెక్క పీఠం, ఆ పీఠానికి ఒక చివర కీలుతో బిగించి పైకీ కిందికీ కదిలే ఒక ఇనుప కత్తి, కత్తి రెండో చివర ఒక పిడి కలిగిన, కాయలు కోసే సాధనం." ఇప్పుడు దీన్ని కాపీ కొట్టాలనుకునేవాడిలా చదవండి. వాడు పీఠం ప్లాస్టిక్‌తో చేస్తాడు. 'చెక్క' అని మీరే రాశారు కాబట్టి వాడు మీ హద్దు బయట ఉన్నాడు. 'చెక్క' కొట్టేసి ఉత్త 'పీఠం' అని రాయండి. 'ఇనుప' కూడా కొట్టేయండి. అయితే మరీ అన్నీ కొట్టేస్తే మీ వాక్యం పాత కత్తిపీటలన్నిటినీ కప్పేస్తుంది, ఎగ్జామినర్ కొత్తదనం లేదంటారు. ఇప్పుడు 'కీలు' దగ్గరికి రండి. అది లేకుండా ఈ సాధనం పనిచేస్తుందా? సాయంత్రం దాకా ఆ ఒక్క మాట మీదే కూర్చోండి.